రోడ్డుకీ ట్రాక్‌కీ బ్రేక్ ప్యాడ్లు: ముందు వేడి సంగతి చూద్దాం

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వాళ్లలో చాలామంది రోజూ పనికి వెళ్లే కారులోనే రేసింగ్ ట్రాక్‌కి వెళ్తారు, సాయంత్రం అదే కారులో ఇంటికి రావాలి. అందుకే నన్ను అందరూ అడిగేది ఒకటే, "అన్నా, రెండింటికీ సరిపోయే ప్యాడ్ ఒకటి చెప్పు" అని. ఏదో ఒక పేరు చెప్పేసి పంపించొచ్చు, కానీ దానివల్ల మీకు మేలు జరగదు. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. రోడ్డు మీద మీ బ్రేకులు అన్నిటికంటే చల్లగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా ఆపాల్సి రావచ్చు? ట్రాక్ మీద మీ డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరుగుతూ ప్యాడ్లు నొక్కే ఇనుప పళ్లేలు, ఎంత వేడెక్కుతున్నాయి? ఈ రెండూ తెలిస్తే ప్యాడ్ దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

నేను రెండు వైపులా తప్పు చేశాను, అందుకే ఈ విషయం మీద ఇంత పట్టుదల. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లినప్పుడు కారుతో వచ్చిన ప్యాడ్లే ఉన్నాయి. మూడు ల్యాపులు బాగానే గడిచాయి, నాలుగో ల్యాప్‌లో పొడవాటి స్ట్రెయిట్ చివర పెడల్ తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కానీ కారు వేగం తగ్గట్లేదు. ఇంకా బలంగా తొక్కినా అంతే. మలుపు దాటి గులకరాళ్లలోకి వెళ్లి ఆగాను. ఆ భయంతో తర్వాత పూర్తి రేసింగ్ ప్యాడ్లు వేయించుకుని, రోజూ వాటితోనే తిరిగాను. ఒకరోజు పొద్దున్నే ఇంటి నుంచి బయలుదేరి మొదటి సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తే కారు ముందుకు జారుతూనే పోయింది, ముందున్న బండికి రెండు జానల దూరంలో ఆగింది. మొదటిసారి ప్యాడ్ వేడికి చేతులెత్తేసింది, రెండోసారి వేడి లేక పని మొదలుపెట్టలేదు.

వేడి ఎంత అనేది లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే చాలామందికి ఇక్కడే అంచనా తప్పుతుంది. 1500 కిలోల కారు గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే సుమారు 580 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారు ట్రాక్ మీద 200 నుంచి 80కి తగ్గితే సుమారు 1940 కిలోజౌళ్లు. అంటే కారు ఆగకపోయినా మూడింతల కంటే ఎక్కువ వేడి. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఇందులో 70 శాతం ముందు చక్రాల మీద పడిందనుకోండి, ముందు డిస్కులు ఒక్కోటి 8 కిలోలు అనుకోండి, ఆ వేడంతా డిస్కుల్లోకే వెళ్తే ఒక్క బ్రేకింగ్‌కి వాటి ఉష్ణోగ్రత సుమారు 180 డిగ్రీలు పెరుగుతుంది. అలాంటి గట్టి బ్రేకింగ్‌లు ల్యాప్‌కి నాలుగైదు ఉంటాయి, మధ్యలో చల్లారడానికి కొన్ని సెకన్లే దొరుకుతాయి. అలా 500, 600 డిగ్రీలకి చేరడం పెద్ద వింతేమీ కాదు. రోడ్డు మీద మామూలుగా నడిపేటప్పుడు డిస్కులు 200 డిగ్రీలు దాటడమే తక్కువ.

ఇప్పుడు ప్యాడ్ లోపలికి వెళ్దాం. ప్యాడ్ డిస్కుని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి గీకుడు: ప్యాడ్‌లోని గట్టి రేణువులు ఇనుముని రాపాడి ఆపుతాయి, ఇందులో డిస్కూ అరుగుతుంది, ప్యాడూ అరుగుతుంది. రెండోది, ప్యాడ్ పదార్థమే సన్నటి పొరగా డిస్కు మీద పరుచుకుంటుంది, ఆ పొరకీ ప్యాడ్‌కీ మధ్య బంధాలు ఏర్పడుతూ తెగుతూ ఉండడం వల్ల ఘర్షణ పుడుతుంది. ట్రాక్ ప్యాడ్లు ఎక్కువగా ఈ రెండో పద్ధతి మీద ఆధారపడతాయి, దానికి వేడి కావాలి. వేడి లేకపోతే అవి ఆకురాయిలా డిస్కుని గీకడం మొదలుపెడతాయి, ఉన్న పొరని కూడా తుడిచేస్తాయి. రోజూ రేసింగ్ ప్యాడ్లతో తిరిగే వాళ్ల డిస్కులు త్వరగా పల్చబడేది అందుకే, కీచుమనే మోత వచ్చేదీ అందుకే. చక్రాల మీద పడే ఆ పొడి సంగతి కూడా చెప్పాలి. తడి తగిలితే అది తుప్పు పట్టి రిమ్ పెయింట్‌ని పట్టుకుంటుంది, ట్రాక్ నుంచి రాగానే కడిగేయండి.

మామూలు రోడ్డు ప్యాడ్ కథ దీనికి తిరగబడుతుంది. చల్లగా ఉన్నప్పుడే మెత్తగా, చప్పుడు లేకుండా పట్టుకుంటుంది. కానీ దానిలోని పదార్థాలన్నీ కలిపి ఉంచే రెసిన్ అతిగా వేడెక్కితే మాడిపోయి వాయువు వదులుతుంది, ఘర్షణ పడిపోతుంది. నాకు జరిగింది అదే. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ ఫేడ్ అయినట్టు, అంటే వేడికి పట్టు కోల్పోయినట్టు. పెడల్ స్పాంజిలా మెత్తబడి కిందికి దిగిపోతే, మీ కాలి ఒత్తిడిని బ్రేకులకి చేర్చే బ్రేక్ ఆయిల్ (ఫ్లూయిడ్) మరిగినట్టు. ఈ తేడా దయచేసి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆయిల్ మరిగిన వాళ్లు వెళ్లి ఖరీదైన ప్యాడ్లు కొంటున్నారు, మళ్లీ అదే మలుపులో అదే జరుగుతోంది.

ఆయిల్ గురించి మాట్లాడకుండా ప్యాడ్ గురించి మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. డాట్ అనేది ఫ్లూయిడ్ గ్రేడు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఇవి 205, 140. డాట్ 5.1కి 260, 180. ఈ ఫ్లూయిడ్లన్నీ గాలిలోని తేమని మెల్లగా పీల్చుకుంటాయి, రెండు మూడేళ్లుగా మార్చని ఆయిల్ రోడ్డు మీద ఏ ఇబ్బందీ పెట్టకుండానే ట్రాక్ మీద మీ పెడల్‌ని నేలకి దింపేయగలదు. రేసింగ్ ఫ్లూయిడ్లు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటి తట్టుకుంటాయి. ఒక్క మాట, డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఫ్లూయిడ్, పేరు దగ్గరగా ఉంది కదా అని పై వాటితో కలపకండి.

ఇక ఎంచుకునే దగ్గరికి వద్దాం. కొన్ని ప్యాడ్ల అంచు మీద ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణ. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం (ఎంత ఎక్కువైతే అంత పట్టు) 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. జీఎఫ్‌లో లాగా మొదటి అక్షరం కంటే రెండోది తక్కువ ఘర్షణని చూపిస్తే వేడిలో పట్టు తగ్గుతోందని అర్థం. కానీ వీటిని చూసి ట్రాక్ ప్యాడ్ కొనకండి, ఎందుకంటే ఆ పరీక్షలో వేడి సుమారు 340 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మీ ట్రాక్ పని అక్కడి నుంచే మొదలవుతుంది. దానికంటే తయారీదారు ఇచ్చే వక్రరేఖ చూడండి, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఘర్షణ ఎలా మారుతుందో గీసి ఇస్తారు. అందులో నేను ముందు ఎడమ చివర చూస్తాను, శిఖరం తర్వాత. చల్లటి డిస్కు మీద గీత ఎక్కడ మొదలవుతోంది? 0.35 దగ్గర మొదలై పెద్దగా ఊగకుండా సాగే ప్యాడ్‌ని, 0.2 దగ్గర మొదలై 0.55కి ఎక్కే ప్యాడ్ కంటే నేను ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే కాలికి ఎంత నొక్కితే ఎంత వస్తుందో ప్రతి మలుపులో ఒకేలా తెలియాలి.

ఘర్షణ ఎక్కువున్న ప్యాడ్ వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది అనుకుంటారు. మొదటి బ్రేకింగ్‌లో అది నిజం కాదు. మీ పాత ప్యాడే టైరుని, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసే దాకా తీసుకెళ్లగలిగితే ఆ తర్వాత ఆపేది టైరే, ప్యాడ్ కాదు. మంచి ప్యాడ్ ఇచ్చేది పదో ల్యాప్‌లో కూడా మొదటి ల్యాప్ లాంటి పెడల్‌ని. దానికే డబ్బు పెట్టండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీరు ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్తూ, ట్రాక్ మీద కారుని ఏ దారిలో నడపాలో ఇంకా నేర్చుకుంటూ, సెషన్‌కి పదిహేను నిమిషాలు తిరుగుతుంటే, చల్లగా కూడా పట్టే స్పోర్ట్ తరహా రోడ్డు ప్యాడ్, దానితో పాటు కొత్త ఫ్లూయిడ్ చాలు. కాస్త చప్పుడు, కాస్త పొడి ఉంటాయి, భరించవచ్చు. కారు తేలికైతే ఇది ఇంకా చాలా దూరం నెట్టుకొస్తుంది. కానీ మీ వేగం పెరిగింది, టైర్లు మెరుగైనవి వేశారు, సెషన్ చివర్లో పెడల్ మారుతోంది అంటే మధ్యేమార్గం వెతకడం ఆపేసి రెండు సెట్లు పెట్టుకోండి. ఒక సెట్ రోడ్డుకి, ఒకటి ట్రాక్‌కి, అక్కడికి వెళ్లాక మార్చుకోవాలి. పిన్నులు లాగితే ప్యాడ్ బయటికొచ్చే కాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే భాగం) అయితే ఇది పెద్ద పనే కాదు. ఇద్దరు డ్రైవర్లుంటే, కారు ఇంట్లో వాళ్లు కూడా నడిపేదైతే, ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను: ట్రాక్ ప్యాడ్లతో ఉన్న కారు తాళం వాళ్ల చేతికి ఇవ్వకండి.

ఎంత వేడెక్కుతోందో ఊహించుకోకండి. డిస్కు అంచుకి పూసే పెయింట్లు దొరుకుతాయి, ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర రంగు మారుతుంది. కాలిపర్‌కి అంటించే స్ట్రిప్పులూ అంతే. ఒక రోజు తిరిగొస్తే మీ కారు గురించి మీకే తెలుస్తుంది, అప్పుడు ఇంకొకరు ఏ ప్యాడ్ వాడుతున్నారో అడగాల్సిన పని ఉండదు.

ముందు ఒక రకం, వెనక ఒక రకం వేసే ముందు బాగా ఆలోచించండి. వెనక ప్యాడ్ పట్టు ముందుదాని కంటే బాగా పెరిగితే, బ్రేక్ వేస్తూ మలుపులోకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు జారి కారు గిర్రున తిరుగుతుంది. ముందు మాత్రమే పెంచితే అంత ప్రమాదం లేదు గానీ వెనక బ్రేకులు సోమరిపోతులవుతాయి, పని భారమంతా ముందే మోస్తుంది.

కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే గట్టిగా నడపకండి. పొర పరుచుకోవాలి కదా, దాన్నే బెడింగ్ అంటాం. తయారీదారు చెప్పిన పద్ధతిలో వేగం నుంచి వరసగా బ్రేక్ వేస్తూ వేడెక్కించి, ఆ తర్వాత పెడల్ పట్టుకోకుండా నడుపుతూ చల్లార్చాలి. వేడి డిస్కుల మీద కారుని ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఒకే చోట మచ్చలా అంటుకుంటుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. "డిస్కు వంగిపోయింది" అని మనకి చెప్పే వాటిలో చాలా వరకు ఈ మచ్చలే. అందుకే చివరి ల్యాప్ బ్రేకులు ముట్టుకోకుండా నెమ్మదిగా తిరిగి రండి, ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టండి.

మందం కూడా చూస్తుండండి. ప్యాడ్ సగానికి అరిగితే, దాన్ని డిస్కు మీదికి నెట్టే పిస్టన్‌కీ వేడికీ మధ్య ఉన్న అడ్డు కూడా సగమైపోతుంది, ఆయిల్ ముందుకంటే త్వరగా మరుగుతుంది. నేను సగం అరిగిన ట్రాక్ ప్యాడ్లతో కొత్త రోజు మొదలుపెట్టను.

ఆఖరుగా, ట్రాక్ దగ్గర ప్యాడ్లు మార్చేవాళ్లు తొందరలో మరిచిపోయేది ఒకటుంది. కొత్త ప్యాడ్ దూర్చడానికి పిస్టన్లని వెనక్కి నెడతాం, అందుకని మొదటిసారి తొక్కితే పెడల్ నేల దాకా వెళ్తుంది. కారు కదిలించక ముందే, నిలబడిన చోటే, పెడల్ గట్టిపడే దాకా పంప్ చేయండి. ఫ్లూయిడ్ మట్టం చూడండి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించండి, ఆ తర్వాతే బయలుదేరండి. బల్ల మీద మూడు రకాల ప్యాడ్లు పెట్టాను, వాటిలో నాలుగో ల్యాప్‌లో మాడిపోయిన నా పాత ప్యాడ్ కూడా ఉంది. దాని అంచు బూడిద రంగులోకి తిరిగి ఎలా పెళుసెక్కిందో చేత్తో పట్టుకుని చూడండి, చూస్తూ ప్రశ్నలు అడగండి.