ముందు గుండె దడా, ముందు భయమా?

తమ్ముడు: ఆ, రికార్డవుతోంది. నమస్కారమండీ. ఈ వారం అమెరికన్ సైకాలజిస్టు, ఫిలాసఫర్ విలియం జేమ్స్ ఉద్యోగ జీవితం, ఎమోషన్ మీద ఆయన సిద్ధాంతం. 1869లో హార్వర్డ్‌లో ఎం.డి. చేసి కూడా వైద్యం చేయలేదు. ముందు ఫిజియాలజీ, తర్వాత సైకాలజీ చెప్పి, 1885కల్లా ఫిలాసఫీ ప్రొఫెసరయ్యాడు. 1907లో రిటైర్మెంట్.

అక్క: ఆయన శిష్యురాలు, సైకాలజిస్టు మేరీ కాల్కిన్స్ ఏది?

తమ్ముడు: అక్కా, ఆవిడ సంగతి తర్వాత! ముందు ఎమోషన్. 1884 వ్యాసంలో ఆయనంటాడు, ఎలుగుబంటిని చూసి భయమేసి పరిగెత్తడం కాదు, పరిగెత్తుతున్నాం కాబట్టే భయం. ఒంట్లో మార్పులు మనకు తెలియడమే ఎమోషన్.

అక్క: నేనొప్పుకోను. మెట్లెక్కినా గుండె దడదడలాడుతుంది, అది భయమా? 1927లో ఫిజియాలజిస్టు వాల్టర్ కానన్ అడిగింది ఇదే. గుండె దడ లాంటి మార్పులు తెచ్చే సింపథెటిక్ నరాలు తీసేసినా పిల్లులు కుక్కను చూసి బుస్సుమన్నాయి, చెవులు వెనక్కి పెట్టాయి.

తమ్ముడు: పైకి కనిపించింది సరే, లోపల కోపముందని ఎవరు చూశారు? భయంలోంచి దడ, వణుకు, ఆడని ఊపిరి తీసేస్తే ఏం మిగులుతుందని కదా జేమ్స్ ప్రశ్న.

అక్క: మిగులుతుంది. నాన్న ఆపరేషన్ రోజు నీ చేతులు చల్లబడ్డాయి. నేను వెళ్ళి బిల్లు కట్టి, క్యాంటీన్లో ఇడ్లీ కూడా తిన్నాను. నాకు భయం లేదంటావా?

తమ్ముడు: …లేదనే అనుకున్నాను, ఇన్నాళ్ళూ.

అక్క: చూశావా.

తమ్ముడు: కానీ అక్కా, రిపోర్టుల కవరు నీ చేతిలో నలిగి నలిగి చిరిగిపోయింది, నేనే ఇంకో కవర్లో పెట్టాను. నీ చేతులు చల్లబడలేదు, బిగుసుకున్నాయి. ఒంట్లో ఏమీ జరగలేదని ఎలా అంటావు?

అక్క: అది నాకు గుర్తే లేదురా. సరే, జరిగిందే అనుకో. ఆ భయం ఎవరిది? నాది. కాల్కిన్స్ జీవితమంతా పట్టుకున్నది ఇదే, అనుభవమంటూ ఉంటే అది ఎవరో ఒకరిదై ఉంటుందని. 1890లో మిగతావాళ్ళు మానేస్తే జేమ్స్ సెమినార్లో ఆవిడొక్కతే మిగిలింది. 1895లో పిహెచ్.డి. పరీక్ష గట్టెక్కినా ఆడమనిషని హార్వర్డ్ పట్టా ఇవ్వలేదు. 1902లో హార్వర్డ్‌కి అనుబంధంగా ఉన్న ఆడవాళ్ళ కాలేజీ రాడ్‌క్లిఫ్ పేరుతో ఇస్తామంటే, చదివింది హార్వర్డ్‌లో కదా, ఆవిడే వద్దంది. 1905కి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షురాలు! నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తమ్ముడు: ఒళ్ళు మండుతుందన్నావు, జేమ్స్ వింటే…

అక్క: మాట మార్చకు.

తమ్ముడు: సరే. సెల్ఫ్, అంటే ఈ 'నేను' మీద జేమ్స్ ఏమన్నాడో ఒక్క ముక్కలో చెప్పేస్తా. మనల్ని ఎరిగినవాళ్ళు ఎంతమందో, మనకు అన్ని సామాజిక 'నేను'లు. ఇక కానన్, ఆయనా జేమ్స్ దగ్గర చదివినవాడే.

అక్క: చదివాడు. ఆయనకు పట్టా ఇచ్చారు.

తమ్ముడు: ఇచ్చారు… మెయిల్స్ చదువుదామా?

అక్క: ఇవాళ వద్దు, ఆపేయ్.