ఎండ ముదరక ముందే ఇంటికి
(సైకిల్ క్లబ్ వేసవి సమావేశంలో చేసిన ప్రసంగం, నెల్లూరు)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాన్లన్నీ ఇటువైపే ఉన్నాయి. నేను మైకు పట్టుకుంటే చందా అడుగుతానని కొందరికి టెన్షన్. ఇవాళ చందా ఊసెత్తను.

ముఖ్యమైన సంగతి ముందే చెప్పేస్తాను. ఈ వేసవి మన రైడ్‌లు కిలోమీటర్ల లెక్కన ఉండవు, గడియారం లెక్కన ఉంటాయి. ఎటు వెళ్లినా సరే, పొద్దున 8 దాటేసరికి అందరూ నీడ పట్టున చేరాలి. ఈ నిర్ణయం మీద కుర్రాళ్లు కొందరు అలిగారని నాకు తెలుసు. "ఏందన్నా, ఇంతకుముందు వంద కొట్టినోళ్లం, ఇప్పుడు ముప్పైకే వెనక్కి తిరగమంటారేంది" అని మొన్న ఒకతను మొహం మీదే అడిగేశాడు. అడగడం మంచిదే. అందుకే కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

మే నెలలో మనకు ఇంచుమించు 5:45కి తెల్లవారుతుంది. 4:45కి బయల్దేరితే చీకట్లో ఒక గంట, లేత ఎండలో రెండు గంటలు, మొత్తం మూడు గంటలు చేతికొస్తాయి. ఆ తర్వాత దొరికే గంట మనది కాదు. పడమటి గాలి లేచిందంటే వడగాలే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికొస్తే ఊరు కొంచెం తెప్పరిల్లుతుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. నెల్లూరులో ఎండ 43 దాటిందని పేపర్లో చదివేది ఇలాంటి రోజుల గురించే.

"తొక్కుతుంటే గాలి తగులుతుంది కదా, ఏం కాదులే" అనే మాట నేను చాలామంది నోట విన్నాను. గాలి మన చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకే ఆ మాట నిజం. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 40 డిగ్రీలుంటే అది ఒంటి వేడిని తీసుకుపోదు, పైగా ఇంకొంచెం ఇచ్చి పోతుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. సైకిల్ మీద చెమట పట్టినట్టే తెలియదు, ఎందుకంటే పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. రైల్వే గేటు పడి ఆగినప్పుడు ఒక్కసారిగా ధారలు కారతాయి చూడండి, అప్పుడు అర్థమవుతుంది అప్పటిదాకా ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో. ఉదయగిరి వైపు పొడి ఎండలో ఈ మోసం ఎక్కువ. సముద్రం వైపు తంతు వేరు. అక్కడ ఉక్కపోత, చెమట ఆరనే ఆరదు.

పోయిన వేసవిలో సంగం నుంచి తిరిగి వస్తుంటే మనలో ఒకాయన బండి ఆపి, చెట్టు కింద కూర్చుని, "ఇది ఏ ఊరు?" అని అడిగాడు. పుట్టి పెరిగింది ఆ దారిలోనే. కొందరు నవ్వారు కూడా. ఒక అక్క మాత్రం వెంటనే తుండు తడిపి ఆయన మెడ మీద, చంకల్లో పెట్టి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది. అదృష్టం కొద్దీ తేరుకున్నాడు. ఆ రోజు నుంచి మన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. కాళ్లు పట్టేస్తే, తల తిరిగితే ఆగండి, నీడకు వెళ్లండి. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది మామూలు నీరసం కాదు, వడదెబ్బ. మనిషిని తడపండి, విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తాగే వాటి గురించి ఒక మాట. ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు, రక్తంలో ఉప్పు పలచబడి ఇంకో ప్రమాదం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ఇవాళ, సగం రేపు అనే పొదుపు ఇక్కడ వద్దు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇంట్లో ఉప్పేసిన పలచటి మజ్జిగ ఉంటే నా ఓటు దానికే. బయల్దేరే ముందు కాస్త సద్దన్నం తిని రండి. ఖాళీ కడుపుతో వచ్చి, దారిలో రంగు రంగుల ఎనర్జీ డ్రింకులు తాగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక దారులు. ఈ వేసవిలో ఎక్కువగా వెళ్లేది మైపాడు బీచ్. పాతిక కిలోమీటర్లు, దారంతా చదును, ఇందుకూరుపేట మీదుగా. పొద్దున వెళ్లేటప్పుడు గాలి దాదాపు ఉండదు, ఉన్నా వీపు వైపు నుంచి సన్నగా. ఆలస్యం చేసి పది దాటాక అక్కడి నుంచి తిరుగు ప్రయాణం పెట్టుకుంటే సముద్రపు గాలి వెనక నుంచి తోస్తుంది కదా అని ఒకతను తెలివిగా వాదించాడు. తోస్తుంది, కాదనను. ఎండ అంతకంటే గట్టిగా తోస్తుంది. వెళ్లి, అలలు చూసి, ఒక కొబ్బరి బోండాం తాగి తిరిగి రావడమే. సముద్రంలో దిగడం మాత్రం లేదు. ఆ తీరంలో మునిగిపోయినవాళ్ల వార్తలు మనం ఏటా చదువుతున్నాం.

మైపాడు దారిలో ఏప్రిల్ దాకా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కోతలైపోయి వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. కోవూరు, అల్లూరు, విడవలూరు, తోటపల్లిగూడూరు, డెల్టాలో ఎటు వెళ్లినా ఇంతే. సగం రోడ్డు వడ్లు, అంచున రాళ్లు, పైన పట్టా. చీకట్లో ఆ రాయి కనపడదు, నల్ల పట్టా అసలే కనపడదు. వడ్ల మీద బ్రేకు వేస్తే సైకిల్ జారుతుంది. రోడ్డు మీద వడ్లు పోయడం తప్పా ఒప్పా అని వాట్సాప్‌లో మనవాళ్లు పెద్ద చర్చే పెట్టారు. ఆరబెట్టుకోవడానికి కల్లం లేని రైతు ఇంకెక్కడికి పోతాడు? పైగా తేమ ఎక్కువుందని ధర తెగ్గోసేది అతనికే. మన పద్ధతి ఇదీ: వడ్లు కనపడితే వేగం తగ్గించాలి, ఎదురుగా బండి వస్తుంటే దిగి నడిపించాలి, గింజ మీద చక్రం పోనివ్వకూడదు. ముందు వెళ్లేవాళ్లు వెనక వాళ్లకు కేకేసి చెప్పాలి. అక్కడ పడుకుని కాపలా కాసే పెద్దాయన లేస్తే నమస్కారం పెట్టండి. అతని నిద్ర మనం పాడుచేశాం.

వడ్లు ఎత్తేశాక ఎడగారు, అంటే రెండో పంట నాట్లు పడతాయి, దారి మళ్లీ పచ్చబడుతుంది. సముద్రం దగ్గరపడే కొద్దీ రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్ చక్రాల చప్పుడు. మేతల వ్యాన్లు తెల్లవారుజామునే హడావిడిగా తిరుగుతుంటాయి, మలుపుల దగ్గర జాగ్రత్త.

కొత్తగా చేరినవాళ్లకు జొన్నవాడ. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు, కామాక్షమ్మ గుడి, పక్కనే పెన్న. అంత కూడా వద్దనుకుంటే పెన్నా బ్యారేజీ మీదుగా కోవూరు వెళ్లి రావచ్చు. నెల్లూరు బ్యారేజీ, సంగం బ్యారేజీ రెండూ 2022 సెప్టెంబర్ 6న ఒకే రోజు ప్రారంభమయ్యాయి. రెండింటి మీదా రోడ్డు ఉండటం మనకు కలిసొచ్చిన వరం. నది మీద తెల్లవారుజామున ఆ కాసేపు గాలి పీల్చుకోవడానికే కొందరు రోజూ వెళ్తున్నారు. సంగం ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అలవాటున్నవాళ్లకే అది, అదీ ఏప్రిల్ వరకే.

పెంచలకోన ఈ వేసవికి రద్దు. ఎనభై కిలోమీటర్లకు దగ్గర, వెలుగొండల పాదం దాకా వెళ్లాలి, పొద్దున వెళ్తే తిరుగు ప్రయాణం నడి ఎండలో పడుతుంది. మేలో నరసింహ జయంతికి అక్కడ బ్రహ్మోత్సవాల రద్దీ కూడా. వానలు పడ్డాక వెళ్దాం, అప్పుడే ఆ కొండల అందం. కృష్ణపట్నం పోర్టు రోడ్డు, నేషనల్ హైవే ఏ కాలంలోనూ క్లబ్ రైడ్‌కి కావు. లారీ డ్రైవరు రాత్రంతా నడిపి తెల్లవారుజామున నిద్రమత్తులో ఉంటాడు. ఆ టైముకే మనం రోడ్డెక్కుతాం. ఇందులో బేరాల్లేవు.

చీకట్లో బయల్దేరతాం కాబట్టి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేనివాళ్లను రానివ్వం. సెల్‌ఫోన్ టార్చి లైటు కాదు. కుక్కల సంగతి అడుగుతున్నారు. తెల్లవారుజామున వీధులు వాటివే. వేగం పెంచితే వెంటపడతాయి. దిగండి, సైకిల్‌ని మీకూ కుక్కకూ మధ్య పెట్టండి, నడవండి. చాలాసార్లు దానికి మన మీద ఆసక్తి పోతుంది. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి. గాయం చిన్నదే కదా అని ఊరుకోవద్దు.

ఎండకు ట్యూబులు పేలతాయని అందరూ భయపెడతారు. నిజానికి వేడికి టైరులో గాలి ఒత్తిడి పెరిగేది కొద్దిగానే, నూటికి ఏడెనిమిది వంతులు. నిండా కొట్టించి ఎండలో పెడితేనే ఇబ్బంది. మనల్ని దెబ్బతీసేది పాత ప్యాచ్. వేడికి సొల్యూషన్ మెత్తబడి అంచు లేస్తుంది, గాలి సన్నగా దిగిపోతుంది. రెండు మూడు ప్యాచ్‌లున్న ట్యూబుని ఈ వేసవికి మార్చేయండి. చిల్లకంప ముల్లు గుచ్చుకుంటే ట్యూబు ఒక్కటే చూసి ఊరుకోకండి, టైరు లోపల వేలితో తడమండి. ముల్లు మొన అందులోనే ఉండిపోయి, కొత్త ట్యూబుకి కూడా కన్నం పెడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే సంతోషం కలిగించే వార్త. బడికొస్తా పథకంలో ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది గుర్తుందా? పిల్లలు చదువు అయిపోయి కాలేజీలకు, అత్తవారిళ్లకు వెళ్లిపోయారు. సైకిళ్లు మాత్రం పెరట్లో బట్టలారేసుకునే కొయ్యలుగా మిగిలాయి. మనవాళ్లు అలాంటివి అడిగి తెచ్చి, చైను కిరసనాయిల్లో కడిగి, బేరింగ్ గోళీలు మార్చి, బెండు తీసి, వాల్ ట్యూబులు వేసి నిలబెడుతున్నారు. ఓవరాయిలింగ్ అంతా మన సభ్యుడైన మేస్త్రీ షాపులోనే జరుగుతోంది. సామాన్లకే తీసుకుంటున్నాడు, కూలి తీసుకోవడం లేదు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టండి.

ఈ సైకిళ్ల మీదే సెలవుల్లో సాయంత్రం పూట ఆడవాళ్లకు నేర్పుతున్నాం. పిల్లల్ని నేర్పించడానికి తీసుకొచ్చిన అమ్మలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. నేర్పే పద్ధతి కూడా మార్చాం. వెనక సీటు పట్టుకుని పరిగెత్తడం మానేశాం. పెడళ్లు విప్పేసి, సీటు కాళ్లు నేలకానేంత దించి, కాళ్లతో నెట్టుకుంటూ పోనిస్తాం. బ్యాలెన్స్ కుదిరాక పెడళ్లు బిగిస్తాం. పడటం చాలా తగ్గింది. చున్నీ, చీరకొంగు నడుముకు దోపాల్సిందే, చైను కవరు ఉండాల్సిందే. యాభై దాటిన ఒకామె మొదటిసారి ఒంటరిగా గ్రౌండు చుట్టి వచ్చి, "ఇంతేనా, దీనికా ఇన్నేళ్లు ఆయన బండి వెనక కూర్చుంది" అంది. వాళ్లాయన అక్కడే ఉన్నాడు పాపం.

తెల్లవారుజాము రైడ్‌లకు ఆడవాళ్లు రావాలంటే ఇంటి నుంచి గుమికూడే చోటుకి చీకట్లో ఒంటరిగా రావాలి. అది సబబు కాదు. కాబట్టి ఏ వీధివాళ్లు ఆ వీధిలో కలిసి బయల్దేరాలి. పేర్లు ఇవ్వండి, జతలు మేం కుదురుస్తాం.

వంద కొడతామనే కుర్రాళ్ల మాటకి వస్తాను. వీళ్ల మనసు బ్రెవే మీద ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, బ్రెవే అంటే గడువు పెట్టి తొక్కే దూరపు రైడ్: 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తిచేయాలి. ఒకే ఏడాదిలో నాలుగూ చేసినవాళ్లు సూపర్ ర్యాండనూర్. అది పందెం కాదు, మొదట వచ్చినవాళ్లకు కప్పు లేదు, టైములో రావడమే. అన్నిటికీ పెద్దన్న ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్, 1200 కిలోమీటర్లు 90 గంటల్లో, నాలుగేళ్లకోసారి. 2023లో అయింది, మళ్లీ 2027లో. మనవాళ్లు వెళ్తే జెండా ఊపడానికి నేను ముందుంటాను. నాయనా, దానికి సాధన మే నెల ఎండలో కాదు. ఇప్పుడు వారంలో నాలుగు పొద్దులు గంటన్నర తొక్కండి, ఇంజనీర్ల లాగా సైకిల్ బరువు గ్రాముల్లో లెక్కేసుకోవడం ఆపి ట్యూబు మార్చడం నేర్చుకోండి. అక్టోబర్ తర్వాత దూరం పెంచుదాం. అప్పుడు వానలొస్తాయంటారా, తడిస్తే ఆరతాం.

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ తేదీ పెట్టినవాళ్లు రోహిణి కార్తెలో నెల్లూరు చూసి ఉండరు. ర్యాలీ తొమ్మిదింటికి పెట్టి, అతిథి పదకొండుకి వచ్చి, పిల్లలు ఎండలో నిలబడే కార్యక్రమాలకు మన క్లబ్ తరఫున ఎవరూ వెళ్లొద్దు. మన ర్యాలీ పొద్దున ఐదున్నరకి. ఏడుకల్లా ముగింపు. ఉపన్యాసాలు లేవు, నాది కూడా లేదు.

వచ్చే ఆదివారం మైపాడు. 4:45కి పెన్నా బ్యారేజీ దగ్గర, ఐదు నిమిషాలకు మించి ఎవరి కోసమూ ఆగం. రెండు సీసాల నీళ్లు, ఒక ట్యూబు, రెండు లైట్లు, హెల్మెట్ కింద కట్టుకోవడానికి తడి తుండు. తిరిగొచ్చాక కారం దోసె ఎప్పటిలాగే ఉంటుంది, ఎవరి డబ్బులు వాళ్లవే. పేర్లు రాయించుకోవాల్సినవాళ్లు ఆ బల్ల దగ్గరికి వెళ్లండి, పెన్ను తిరిగి ఇచ్చేయండి.