సోమిద చెట్టు కోసం

శ్రోతలకు నమస్కారం.

ఆ మధ్య ఓ పనిమీద కలకత్తా వెళ్ళాను. పని ముగిశాక చేతిలో ఒక్క పూట మిగిలింది. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నదే కదా అని, తెల్లవారుతూనే హుగ్లీ నది దాటి, హౌరా వైపున్న శిబ్‌పూర్ తోటకి చేరాను. ఇప్పుడది జగదీశ్ చంద్ర బోస్ పేరున్న ఉద్యానవనం. ఊళ్ళోవాళ్ళకి మాత్రం బి. గార్డెనే, అంటే బొటానికల్ గార్డెన్. సుమారు 270 ఎకరాలు. ఒక్క పూటలో చూసేది కాదు గనక, నేరుగా అక్కడి పేరుమోసిన పెద్ద మర్రి దగ్గరికి నడిచాను.

వెళ్ళి, మాను ఏదా అని వెతుక్కున్నాను. మాను లేదు! 1864లో ఒకటి, 1867లో ఒకటి, రెండు పెను తుఫాన్లు దాన్ని విరగ్గొట్టాయి. దెబ్బతిన్న చోట బూజు పట్టి కుళ్ళింది. చివరికి 1925లో మానునే తీసేశారు. అయినా మర్రి బతికే ఉంది. వేలాది ఊడల మీద నాలుగెకరాలకు పైగా పరుచుకుని, ఇంకా పాకుతూనే ఉంది.

ఓ కొమ్మ కింద కాసేపు నిలబడిపోయాను. సన్నటి ఊడ ఒకటి వెదురు బొంగులోంచి నేలకి దిగుతోంది. గాలికీ, మేకలకీ, మనబోటివాళ్ళ చేతులకీ చిక్కకుండా మాలీలు అలా దారి చూపిస్తారట. దాని కొస చిటికెన వేలంత కూడా లేదు, లేత పసుపు రంగులో తడితడిగా ఉంది. పదేళ్ళు పోతే అదే ఓ స్తంభం. 2020 మేలో ఆంఫన్ తుఫాను ఈ తోటలో ఎన్నో చెట్లని కూల్చింది. ఈ మర్రికీ కొన్ని ఊడలు పోయాయి. అందుకే ఆ వెదురు బొంగుని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక నన్ను అంత దూరం లాక్కెళ్ళిన సంగతి చెబుతాను. ఈ తోటని 1787లో మొదలుపెట్టినవాడు కర్నల్ రాబర్ట్ కిడ్. 1770 నాటి బెంగాల్ కరువు ఇంకా జనం మరిచిపోని రోజులవి. కరువులో ఆకలి తీర్చే చెట్లు పెంచాలన్నది ఆయన ఆలోచనల్లో ఒకటి. ఆయన పోయాక, 1793లో తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ ఎక్కడినుంచి వెళ్ళాడనుకున్నారు? మన సామర్లకోట నుంచి! ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడాయన. పన్నెండేళ్ళు గోదావరి సీమలో ఉండి, సామర్లకోటలో మిరియాలూ, నీలిమందూ పండించే ప్రయోగాలు చేశాడు. మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలోని బొమ్మలు అలా పుట్టినవే. ఆ గీసినవాళ్ళ పేర్లు మనకి దక్కలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మొక్కల పేర్లు మాత్రం దక్కాయి. మన జనం ఏ చెట్టుని ఏమని పిలుస్తారో అడిగి, ఆ తెలుగు పేరుని రాక్స్‌బర్గ్ రాసిపెట్టేవాడు. వాటిలో ఒకటి సోమిద. దాని బెరడు జ్వరానికి మందని గమనించి, చలిజ్వరానికి వాడే సింకోనా బెరడుకి బదులు పనికొస్తుందేమోనని పరీక్షించాడు. ఇవాళ ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఆ చెట్టుని ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా’ అంటారు. మొదటి మాట మన సోమిదే. రెండోదానికి జ్వరాన్ని తరిమేది అని అర్థం.

ఎండెక్కేదాకా ఆ చెట్టు కోసం తిరిగాను. పేరు పలకలన్నీ చదివాను. నా కంట పడలేదు. రైలు వేళయ్యింది, వచ్చేశాను.

ఇంటికొచ్చి మా మేనత్తని అడిగాను, “అత్తా, సోమిద తెలుసా?” అని. తడుముకోకుండా చెప్పింది: “తెలియకేం రా! విషంలా చేదు. చలిజ్వరమొస్తే మా అమ్మ ఆ బెరడు కషాయం కాచి, ముక్కు మూసి మరీ పోసేది.”