వెలుగు లేని తెర, తరగని సెల్స్

శ్రోతలకు నమస్కారం. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కన్సోల్ కొనాలని ఇంట్లో పిల్లలు పట్టుబట్టినప్పుడు, మాట ఎప్పుడూ తెర దగ్గరే మొదలవుతుంది. రంగులెలా ఉన్నాయి, బొమ్మ ఎంత స్పష్టంగా కదులుతోంది అని చూస్తారు. నన్నడిగితే మొట్టమొదట వేయవలసిన ప్రశ్న అది కాదు. ఎన్ని గంటలు ఆడుతుంది? ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. ఈ మాటకు నాకు బాగా నచ్చిన రుజువు నింటెండో కంపెనీ 1989లో జపాన్‌లో విడుదల చేసిన చేతి కన్సోల్ గేమ్ బాయ్.

దాని వెనుక ఉన్న మనిషి గున్‌పెయ్ యొకొయ్. నింటెండో ఇంకా పేకముక్కలు తయారుచేసే కంపెనీగానే పేరుపొందిన రోజుల్లో, 1965లో, కర్మాగారంలోని యంత్రాల బాగోగులు చూసుకునే ఉద్యోగిగా ఆయన చేరారు. అప్పుడే పుట్టిన ఖరీదైన సాంకేతికత వెంట పరుగెత్తకుండా, అందరికీ అలవాటై చవకైపోయిన దానిని కొత్త పనికి వాడుకోవాలన్నది ఆయన పద్ధతి. గేమ్ బాయ్ నిండా ఆ పద్ధతే కనిపిస్తుంది.

ముందు లోపాలు చెప్పుకుందాం, ఎందుకంటే అవి దాచినా దాగవు. తెరలో రంగులు లేవు. పసుపు కలిసిన ఆకుపచ్చ మీద నాలుగు ఛాయలు, అంతే. తెర వెనుక దీపం లేదు కాబట్టి పడకగదిలో లైటు ఆర్పితే ఆట కూడా ఆగినట్టే. వేగంగా కదిలే బొమ్మ వెనుక మసకగా ఒక చార మిగిలిపోయేది. పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పుతూ నలుపుతెలుపుల తేడాను సరిచేసుకుంటూ ఉండాలి. పక్కపక్కన పెట్టి చూస్తే, అదే ఏడాది అమెరికాలో అటారీ తెచ్చిన లింక్స్, ఆ మరుసటి ఏడాది సెగా తెచ్చిన గేమ్ గేర్, రెండూ రంగుల తెరలతో, తెర వెనుక దీపంతో కళ్లు చెదిరేలా ఉండేవి.

అయితే ఆ దీపం ఊరికే వెలగదు. లింక్స్‌కైనా గేమ్ గేర్‌కైనా ఆరేసి పెన్సిల్ సెల్స్ వేయాలి, అవి నాలుగైదు గంటలు కూడా సరిగా నిలిచేవి కావు. గేమ్ బాయ్‌కి నాలుగే సెల్స్, అవి పది గంటలు దాటి ఆడేవి. పైగా అమెరికాలో దాని ధర సుమారు 90 డాలర్లయితే లింక్స్ సుమారు 180 డాలర్లు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పడే ఎండలో దీపం లేని ఆ తెరే ఇంకా స్పష్టంగా కనిపించేది. ప్రయాణంలో సగం దారికే ఆరిపోయే అందమైన యంత్రం కన్నా, ఊరు చేరేదాకా ఆడే సాదా యంత్రాన్నే జనం కోరుకున్నారు. తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌ను కూడా కలుపుకుంటే 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. గేమ్ గేర్ కోటి దాటి కొద్ది దూరంలోనే ఆగిపోయింది. మన ఎగ్జిబిషన్లలోనూ తిరునాళ్లలోనూ దొరికిన బ్రిక్ గేమ్‌కూ రంగులేని, దీపంలేని తెరే ఉండేది. అయినా దానికోసం మారాం చేయని పిల్లలు తక్కువ.

నేటి యంత్రాల దగ్గరికి వస్తే, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ కంప్యూటర్ ఆటలనే చేతిలోకి తెచ్చింది, అది నిజంగా గొప్ప సౌకర్యమే. కానీ దాని బరువు దాదాపు 670 గ్రాములు, పడుకుని ఆడితే మణికట్టు చెబుతుంది. ఒకసారి చార్జి చేస్తే రెండు నుంచి ఎనిమిది గంటలు వస్తుందని తయారీదారు చెప్పిన లెక్క. రెండు ఎక్కడ, ఎనిమిది ఎక్కడ? పాతకాలపు చిన్న ఆటకు పెద్ద అంకె, నిజానికి దేనికోసం ఈ యంత్రాన్ని కొంటామో ఆ భారీ ఆటకు చిన్న అంకె వర్తిస్తాయి. కాబట్టి పెట్టె మీది పెద్ద అంకెను చూసి మురిసిపోకుండా, మీ ఇంట్లో ఆడబోయే ఆట పేరు చెప్పి, ఎన్ని గంటలు ఆడుతుందని అడగాలి.

ఇందులో ఒక్క మెలకువ మాత్రం ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే నింటెండో స్విచ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు చాలామంది ఉన్నారు. 2017లో వచ్చిన మొదటి స్విచ్ ఆటను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు ఆడుతుంది. 2019లో అదే రూపంలో మార్చి తెచ్చిన స్విచ్ నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు ఆడుతుంది. ఎదురుగా పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అమ్మేవారికి కూడా తేడా తెలియకపోవచ్చు. యంత్రాన్ని తిరగేసి, అడుగున సన్నని అక్షరాలతో ముద్రించిన మోడల్ సంఖ్య చదవండి. హెచ్ఏసీ 001 తరువాత బ్రాకెట్లలో 01 అని ఉంటే అది 2019 నాటి మార్పు చేసిన రకం. బ్రాకెట్లు లేకుండా ఉత్త 001తో ఆగిపోతే పాతది. పాతదైతే వాడిన ఏళ్లకు బ్యాటరీ ఇంకా నీరసించి ఉంటుంది కనుక, ధర మాట్లాడే ముందు ఒక అరగంట ఆడించి, చార్జి ఎంత శాతం తగ్గిందో మీ కళ్లతో చూసుకోండి.