నాన్న మ్యాచ్ చూడాలంటే ఎన్ని రీఛార్జులు?

అక్క: నమస్కారమండీ. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేడమీద గదిలో కూర్చుని రికార్డు చేస్తున్నాం. బయట వాన పడుతోంది, చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఈ రోజు నాతో మా తమ్ముడున్నాడు. గుణుపురంలో మొబైల్ రీఛార్జ్ షాపు వాడిది.

తమ్ముడు: నమస్కారం. అక్కా, ముందు నాన్న సంగతి చెప్పు.

అక్క: నాన్నకి డెబ్బై దాటాయి. ఒడియా బాగా మాట్లాడతారు, హిందీ అర్థమవుతుంది. కానీ క్రికెట్ మాత్రం తెలుగులోనే వినాలి. 2018లో తెలుగు స్పోర్ట్స్ ఛానెల్ వచ్చినప్పటి నుంచి ఆ అలవాటు. ఈమధ్య ఐపీఎల్ రోజుల్లో చూస్తే ఇంట్లో ఆ ఛానెల్ లేదు. కేబుల్ ఆయన్ని అడిగితే, ఇక్కడి ప్యాక్‌లో తెలుగుది రాదు, కావాలంటే విడిగా కట్టాలి అన్నారు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. అక్కడ మా అత్తగారింట్లో అదే ఛానెల్ ప్యాక్‌లోనే వస్తోంది!

తమ్ముడు: అప్పుడు నువ్వు జియోహాట్‌స్టార్ యాప్ తీసుకున్నావు.

అక్క: ఎలాగూ డబ్బు కట్టేదే కదా అని ఫోన్‌లో తీసుకున్నాను. టీవీకి పెడదామంటే రాలేదు. అది మొబైల్ ప్లానట. చత్వారం ఉన్న మనిషి అంత చిన్న తెరమీద బంతిని ఎక్కడ వెతుక్కుంటారు? రెండు ఓవర్లు చూసి ఫోన్ పక్కన పెట్టేశారు. నాకు చాలా బాధేసింది రా.

తమ్ముడు: షాపుకి వచ్చేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బ తింటారు. తక్కువ ధర చూసి కట్టేస్తారు, ఎందులో వస్తుందో చూడరు. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మొబైల్ ప్లాన్ మూడు నెలలకి 149 రూపాయలు. టీవీలో కూడా చూడాలంటే 299. ప్రకటనలు వద్దనుకుంటే ఇంకా ఎక్కువ. అంత కట్టినా లైవ్ మ్యాచ్‌లో ప్రకటనలు వస్తూనే ఉంటాయి.

అక్క: అంతకుముందు రెండేళ్లు ఉచితంగానే చూశాం కదా?

తమ్ముడు: చూశాం. 2023, 2024 ఐపీఎల్ జియోసినిమాలో పైసా కట్టకుండా చూశాం. 2023 ఆసియా కప్, ప్రపంచకప్ హాట్‌స్టార్ వాళ్లు ఫోన్లలో ఉచితంగా ఇచ్చారు. ఒకరు ఇస్తున్నారని ఇంకొకరు. దాని వెనక లెక్క తెలిస్తే ఇప్పటి ధర ఎందుకో తెలుస్తుంది. 2022 జూన్‌లో ఐపీఎల్ ప్రసార హక్కులు ఐదేళ్లకి వేలం వేస్తే 48,390 కోట్లు పలికాయి. దానికి ముందు ఐదేళ్లకి ఎంతో తెలుసా? 16,347 కోట్లు.

అక్క: దాదాపు మూడు రెట్లు!

తమ్ముడు: అవును. మన దేశంలో టీవీ హక్కులు హాట్‌స్టార్ నడిపిన స్టార్‌కి, ఫోన్లలో, యాప్‌లలో చూపించే హక్కులు జియోసినిమా నడిపిన వయాకామ్18కి వెళ్లాయి. 410 మ్యాచ్‌ల లెక్కన చూస్తే ఒక్కో మ్యాచ్‌కి టీవీ వాళ్లు 57.5 కోట్లు, యాప్ వాళ్లు 50 కోట్లు ఒప్పుకున్నారు. పోటీపడి అంత పాడుకున్న ఆ రెండూ 2024 నవంబర్‌లో కలిసిపోయాయి. సంతలో పక్కపక్కన రెండు కొట్లుంటే బేరం ఆడతాం. రెండూ ఒకటైపోయాక ఎవరితో ఆడతాం అక్కా?

అక్క: పోనీ, ఆ ఒక్కదానికి కడితే అన్నీ వస్తాయా?

తమ్ముడు: రావు. 2025 ఆసియా కప్ సోనీలివ్ యాప్‌లో వచ్చింది. ఆ ఏడాది ఫార్ములా వన్ కార్ రేసులు కావాలంటే ఫ్యాన్‌కోడ్ యాప్. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు నా దగ్గరికి వస్తాడు. వాడికి కార్ రేసులు, వాళ్ల నాన్నకి క్రికెట్. ఒకే ఇంట్లో ఆటకో యాప్. ఒక్కొక్కటీ చిన్న మొత్తంలాగే ఉంటుంది, పైగా ఆటో డెబిట్ పెట్టేస్తారు. సిరీస్ అయిపోయాక కూడా ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. మ్యాచ్‌లు అయిపోగానే ఆటో డెబిట్ తీసేయండని నేను అందరికీ చెప్తాను. అడిగితే షాపులో నేనే తీసి ఇస్తాను.

అక్క: దూరదర్శన్‌లో రావాలని చట్టం ఉంది కదా?

తమ్ముడు: ఉంది, 2007 చట్టం. జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల ప్రసారాన్ని, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. భారత జట్టు ఆడే వన్డేలు, టీ20లు అందులోకి వస్తాయి. కానీ 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో అది దూరదర్శన్ సొంత ప్రసారానికి, వాళ్లదే ఉచిత డిష్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్‌కి మాత్రమే. కేబుల్‌లో దూరదర్శన్ పెట్టుకుంటే ఆ మ్యాచ్ రాదు. ఫ్రీ డిష్‌కి గొడుగులాంటి యాంటెన్నా, బాక్స్ ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు. లోపలి ఊళ్లవాళ్లకి నేను అదే చెప్తాను.

అక్క: ఐపీఎల్ ఆ చట్టంలో లేదుగా.

తమ్ముడు: లేదు. నాన్నకి కావలసిన తెలుగు కామెంటరీ కూడా అక్కడ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

అక్క: నన్ను తొలిచేది అదే. ఇక్కడ మనం ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకుంటూ తరాలుగా బతుకుతున్నాం. ఒడియా మనకి పరాయిది కాదు. కానీ నాన్న టీవీ ముందు కూర్చుని కామెంటేటర్‌కి తెలుగులో ఎదురు చెప్తుంటే, ఆ సాయంత్రం ఇల్లు ఇల్లులా ఉంటుంది. దానికి అదనంగా కట్టాలంటే కడతాను. ఎంత కట్టాలో, దేనికి కడుతున్నానో ముందే స్పష్టంగా చెప్పాలి కదా?

తమ్ముడు: మరి ఇప్పుడు ఏం చేశావు?

అక్క: తెలుగు ఛానెల్‌కి విడిగా కట్టాను. యాప్ మానేశాను. సాయంత్రం పక్కింటి మాస్టారు, ఎదురింటి పెద్దాయన మన వరండాలోకే వస్తున్నారు. టీవీని కిటికీ వైపు తిప్పి పెడుతున్నాను. ఎదురింటాయనకి తెలుగు అంతగా రాదు, నాన్న ఓవర్ ఓవర్‌కీ ఒడియాలో చెప్తున్నారు.

తమ్ముడు: రాయగడలో, బరంపురంలో ఉన్నవాళ్లు వింటుంటే, మీ కేబుల్ ప్యాక్‌లో తెలుగు స్పోర్ట్స్ ఛానెల్ వస్తోందో లేదో, విడిగా ఎంత తీసుకుంటున్నారో మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చేవారం వినిపిస్తాం.

అక్క: వాన తగ్గినట్టుంది. కిందనుంచి నాన్న పిలుస్తున్నారు, టాస్ అయిపోయిందట. ఉంటామండీ.