ఫోన్-ఇన్: అండమాన్ పడాక్ మన ఎర్రచందనమేనా?

యాంకర్: ...అండమాన్ దీవుల సొంత మొక్కల్ని పెంచే ధనిఖారి తోట గురించి ఇవాళ మాట్లాడుకుంటున్నాం. పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీవిజయపురం, ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. వృక్షశాస్త్రం మాస్టారు మనతో ఉన్నారు. హలో?

శ్రోత (హైదరాబాద్): వచ్చే నెల అండమాన్ వెళ్తున్నామండీ. ఆ తోటలో ఆర్కిడ్‌లు అమ్ముతారా?

మాస్టారు: అమ్మా, అది నర్సరీ కాదు. బొటానికల్ సర్వే అని, మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, వాళ్ల తోట. అడవిలో తగ్గిపోతున్న మొక్కని రేపటికి ఉండాలని తెచ్చి పెంచుతారు. చూడండి, ఫోటోలు తీసుకోండి, రండి.

శ్రోత: అడవిలో ఒక్క చిన్న పిలక...

మాస్టారు: వద్దు. మట్టి వద్దు, గింజ వద్దు, పిలక వద్దు.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్.

శ్రోత (పలాస): హలో, మాస్టారూ, నమస్కారమండీ. మా బామ్మర్ది పోర్ట్ బ్లెయిర్లోనే ఉంటాడండి, ముప్పై ఏళ్లయింది. మొన్న సంక్రాంతికి ఎల్లాం. అక్కడ పెద్ద చెట్టు చూపించాడు, ఏర్లు గోడల్లాగ పైకి లేచున్నాయి. పడాక్ అన్నాడు. కోస్తే లోపల ఎర్రగా ఉంటదంట. ఇంటికొచ్చాక ఇక్కడ ఒక నర్సరీలో అదే మొక్క అని పది ఇచ్చారండి, ఒక్కోటి రెండొందల యాభై. ఎర్రచందనమే ఇది, అండమాన్ రకం అన్నారు. పదేళ్లకి ఎంత పలుకుతాదంటారు?

మాస్టారు: పడాక్, ఎర్రచందనం ఒకటి కాదు బాబూ. చుట్టాలు. మన ఎర్రచందనం కడప, చిత్తూరు, నెల్లూరు కొండల సొత్తు. ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది. పడాక్ తేలుతుంది.

శ్రోత: అయితే ఎర్రచందనం రేటు రాదంటారా?

మాస్టారు: రాదు.

శ్రోత: మా బామ్మర్ది వస్తాదన్నాడండి...

మాస్టారు: బామ్మర్దిని వదిలేయండి. మొక్క ఎంతుంది ఇప్పుడు?

శ్రోత: మోకాలెత్తండి.

మాస్టారు: ఒక ఆకు కాడకి ఎన్ని చిన్నాకులున్నాయో లెక్కపెట్టండి. ఎర్రచందనానికి మామూలుగా మూడు.

శ్రోత: ఉండండి... ఒరేయ్, లైటెయ్‌రా... ఐదు. దీనికి ఏడు. ఇంకోదానికి ఐదు.

మాస్టారు: చిన్నాకు చివర సూదిలా సాగిందా, మధ్యలో నొక్కినట్టుందా?

శ్రోత: గోటితో నొక్కినట్టుందండి. అన్నీ అంతే.

మాస్టారు: పడాక్ ఆకైతే చివర సూదిగా సాగుతుంది. మీది ఏగిసండీ! షుగరు ఉన్నవాళ్లు దాని చెక్క గ్లాసులో నీళ్లు పోసుకుని తాగుతుంటారే, ఆ చెట్టు. మన కొండల్లోదే. అండమాన్ దాకా వెళ్లలేదది.

శ్రోత: అంటే నా రెండున్నర వేలూ...

మాస్టారు: (నవ్వుతూ) చెట్టు మంచిదే లెండి. ఉంచుకోండి.

శ్రోత: మరి పడాక్ గింజలు మా బామ్మర్ది పంపుతానంటున్నాడు. చుట్టూ రెక్క ఉంటదంట, అప్పడంలాగ.

మాస్టారు: ఇందాకే చెప్పాను. గింజ వద్దు. దాంతోపాటు ఏ పురుగు, ఏ తెగులు వస్తుందో మీకు తెలుసా? ఇక్కడి నుంచి అక్కడికి కూడా ఏదీ తీసుకెళ్లొద్దు. బ్రిటిష్ వాళ్లు చుక్కల జింకల్ని తీసుకెళ్లి ఆ దీవుల్లో వదిలారు. పులి లేదు, చిరుత లేదు. మొలకెత్తినదల్లా మేసేస్తున్నాయి, అడవిలో పిల్లచెట్టు పైకి రావడం కష్టమైపోయింది. మన కొండమీద చెట్టు పోతే పక్క కొండమీద ఉంటుంది. దీవి మొక్కకి పక్కన ఏముంది, సముద్రం! నికోబార్లో బెంటింకియా అనే తాటిజాతి చెట్టుంది. ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సొంతంగా పెరగదు. అందుకే ఆ తోట.

శ్రోత: అయితే పడాక్ మనకి రాదంటారు. ఎర్రచందనం రేటు...

మాస్టారు: మళ్లీ అదే అడుగుతారేంటండీ!

యాంకర్: పలాస నుంచి ఫోన్ చేసినందుకు థాంక్స్ అండీ. హలో, చెప్పండి.

శ్రోత (విశాఖ): సార్, 2004 సునామీ తర్వాత నికోబార్ తీరంలో చెట్లన్నీ ఎండిపోయాయంటారు, అల వల్లేనా?

మాస్టారు: అల ఒక్కటే కాదు. భూకంపానికి నికోబార్ దీవుల నేలే కిందికి దిగింది. ఒడ్డున చెట్ల మొదళ్లలో ఉప్పునీళ్లు అలాగే నిలిచిపోయాయి. మడ అడవి సంగతి చెప్పాలంటే, ఉత్తర అండమాన్లో కథ తిరగబడింది, అక్కడ నేల పైకి లేచి...

యాంకర్: మాస్టారూ, టైమైపోయింది. వార్తల తర్వాత మళ్లీ కలుద్దాం.