బండ కింద బండే

(జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, సార్లకు, పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. శాలువాలు తర్వాత కప్పుకుందాం, ఎండ ముదురుతున్నది.

నన్ను భూమి పొరల మీద మాట్లాడమన్నరు. పొరలేవంటే పిల్లలు గడగడ అప్పజెప్తరు: భూపటలం, భూప్రావారం, భూకేంద్రమండలం. మార్కులు కూడా పడతయి. గోడ మీది పటం చూస్తేనే ఒళ్లు మండుతది. పై పొరను వేలెడు మందం గీసి, కిందంతా ఎర్ర రంగు పూస్తరు. అది చూసినోళ్లు ‘లోపలంతా ద్రవమే, బోరు ఇంకింత దిగితే ఏదో ఒకటి తగుల్తది’ అనుకుంటే తప్పెవరిది?

సార్, గ్రౌండులో మేకు కొట్టించి ఏడు మీటర్ల తాడు కట్టించండి. కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు లెక్క. మేకు నుంచి 1.22 మీటర్ల దగ్గర ముగ్గుతో మొదటి గీత. దాని లోపలిది గట్టి ఇనుము, కొంత నికెలు. వేడి 5,000 డిగ్రీలు దాటినా పైనున్న ఒత్తిడికి కరగదు. 3.48 మీటర్ల దగ్గర రెండో గీత. ఆ రెండింటి నడుమ ఉన్నది కరిగిన ఇనుము. దిక్సూచి ముల్లును తిప్పేది దాని కదలికే. 6.33 దగ్గర మూడోది, 6.37 దగ్గర ఆఖరుది. ఆ చివరి రెండు గీతల నడుమ సందు నాలుగు సెంటీమీటర్లు. అదీ మన భూపటలం. వెయ్యి ఫీట్ల బోరు అందులో మిల్లీమీటరులో మూడో వంతు కూడా రాదు!

ఇగ రెండో గీతకు, మూడో గీతకు నడుమది ప్రావారం. అది పారే లావా కాదు, రాయి. ఒలివిన్, పైరాక్సిన్ ఖనిజాలతో, మెగ్నీషియం దండిగా ఉన్న రాయి. భూకంపపు ఎస్ తరంగాలు ద్రవంలో పోలేవు. ప్రావారంలో మాత్రం నిక్షేపంగా పోయి 2,890 కిలోమీటర్ల లోతున ఆగిపోతయి, ద్రవం మొదలయ్యేది అక్కడ. ఆ ద్రవం లోపల మళ్లీ వేరే కేంద్రం ఉన్నదని 1936లో ఇంగె లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త తేల్చింది. సోవియట్ వాళ్లు కోలా ద్వీపకల్పంలో 12,262 మీటర్లు తొలిచినా ప్రావారం అందలేదు. 180 డిగ్రీల వేడికి ఆపేసిండ్రు. మన నారాయణపేట, మద్దూరు, కోటకొండల దగ్గరి కింబర్లైట్ రాళ్లు మాత్రం ఆ ప్రావారం నుంచే, దాదాపు 110 కోట్ల ఏండ్ల కింద ఎగదన్నుకొచ్చినయి. ఆ ముచ్చట ఏ పిల్లవానికన్న చెప్పినమా?

పొరల మీద మాట్లాడమంటే బోర్ల మీదికి పోతున్నడేందని అనుకోవద్దు. పై పొర అంటే అదే. మనకు ఎర్రమట్టి కింద మొరం, అంటే చివికి గుల్లబారిన రాయి, మొరం కింద పగుళ్ల బండ, దాని కింద దిట్టమైన గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏండ్లది. గ్రానైటు పలుకుల నడుమ సందుండదు. నీళ్లు నిలిచేది మొరంలో, పగుళ్లలో. లోతుకు పోయినకొద్దీ పై బరువుకు పగుళ్లు మూసుకుపోతయి. నీళ్లిచ్చేవి చాలామటుకు మొదటి మూడు వందల ఫీట్ల లోపలనే. ఆ కింద తగిలితే అదృష్టం, లెక్క కాదు.

బోరు బండి పక్కన నిలబడి వచ్చే పొడి చూడండి. గోధుమ రంగుంటే ఇంకా మొరమే. తుప్పు మరకల పలుకులొస్తే నీళ్లు తిరిగిన పగులు. బూడిద రంగు మెత్తటి పొడి, దుమ్ము లేపుకుంటూ వంద ఫీట్లు అట్లనే వస్తే ఆపమనండి. ఆపకుంటే బిల్లు ఫీట్ల లెక్కన పెరుగుతనే ఉంటది, అప్పు మీది. కేసింగు, అంటే బోరు పైభాగం కూలకుండా దింపే గొట్టం, గట్టి బండలో దిగి కూర్చోవాలె. మొరంలోనే ఆపితే మట్టి జారి మోటరు ఇరుక్కుంటది.

లోతున నీళ్లు పడ్డా సంబురపడకండి. గ్రానైటులోని నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్‌లలో ఫ్లోరిన్ ఉంటది, అది నీళ్లలో కలిస్తే ఫ్లోరైడు. బండలో ఏండ్లకేండ్లు నిలిచిన నీళ్లలో సోడియం పెరిగి కాల్షియం తగ్గుతది. ఫ్లోరైడును పట్టి ఆపేదే కాల్షియం! ఫ్లోరైడు నీళ్లు తాగి మర్రిగూడలో ఎముకలెట్ల వంగినయో ఈ జిల్లాలో చెప్పనక్కరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. కాచితే పోతదనుకుంటరు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఫ్లోరైడు ఇంకా చిక్కబడతది.

ఇంట్లో బోరు నీళ్లు తాగేటోళ్లు చేతులెత్తండి. ఇంతమందా! రేపు మోటరు పది నిమిషాలు నడిచినంక ఒక ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండుసార్లు తొలిచి, నిండా పట్టుకురండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడు గాజుకు పడదు. మూత మీద బోరెన్ని ఫీట్లో రాయండి.